ఎక్స్‌రేలో ఏమీ లేదంటే నొప్పి లేనట్టు కాదు

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మా అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండ్‌లో జరిగాక, పిల్లల్ని వెంటబెట్టుకొని కోచ్‌నని నా దగ్గరికి వచ్చే తండ్రులు ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే: "మావాడికి పద్నాలుగేళ్లే సార్, ఫాస్ట్ బౌలింగ్‌తో పెద్దోళ్ల స్టంప్స్ ఎగరగొడతాడు. రోజుకి ఎన్ని ఓవర్లు వేయించాల?"

ఎంత వేస్తే అంత స్పీడ్ వస్తుందనేది అపోహ. ఇంతమంది పిల్లల్ని పాడుచేసింది ఇంకోటి లేదు. ఆ వయసులో ఎముకలు పొడుగవుతుంటాయి గానీ ఇంకా గట్టిపడవు. బంతి వదిలేటప్పుడు నడుము వెనక్కి, పక్కకి వంగి మెలితిరుగుతుంది. రోజూ అదే దెబ్బ తగిలితే వెన్నుపూసలో సన్నటి చీలిక వస్తుంది. కుడిచేతి బౌలర్‌కైతే ఎక్కువగా ఎడమవైపు. 14, 15 ఏళ్ల పేసర్లకి ఇంగ్లండ్ బోర్డు చెప్పిన లెక్క స్పెల్‌కి, అంటే ఒక విడతలో 6 ఓవర్లు, రోజుకి 12. మనవాడు పొద్దున నెట్స్‌లో, సాయంత్రం స్కూల్ టీమ్‌కి, ఆదివారం ఊరి మ్యాచ్‌లో వేస్తాడు. బాగా వేసేవాడినే అందరూ పిలుస్తారు, మొత్తం లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

నా దగ్గరా లేదు. కొన్నేళ్ల కిందట ధర్మవరం వైపు పిల్లాడొకడు వెనక్కి వంగితే నడుము నొప్పి అన్నాడు. ఎక్స్‌రే తీయించారు. "ఏమీ లేదంట సార్, వీనికి ఒళ్లొంగదు, అంతే" అన్నాడు వాళ్ల నాన్న. నేనూ తలూపాను. మొదట్లో ఇలాంటి చీలిక చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడదు, ఎమ్మారై కావాలి. అది తీయించేసరికి మూడు నెలలు వేయించేశాం. ఆ సీజనంతా స్కోరు పుస్తకం పట్టుకొని కూర్చున్నాడు.

ఇది వస్తే కెరీర్ అయిపోయినట్టేనని ఏడ్చే తల్లులకి ఒక మాట. బుమ్రాకి 2019లో ఇదే చీలిక వచ్చింది, 2023లో నడుముకి ఆపరేషనే అయింది. మళ్లీ వచ్చి వేశాడు. ముందుగా పట్టుకొని విశ్రాంతి ఇస్తే మీవాడిదీ చాలావరకు మానుతుంది.

పిల్లాడు ఒక్కసారిగా పొడుగై, బంతి అనుకున్న చోట పడకపోతే టాలెంట్ పోయిందంటారు. కాళ్లూ చేతులూ కొత్త కొలతకి అలవాటు పడాలి, కొన్ని నెలలు ఆగండి. వయసు తగ్గించి రాయించడమా? అండర్-16కి మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు, దొరికిపోతారు. చదువు మాన్పించమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

ఇప్పుడు మా క్యాంపులో ప్రతి పేసర్ జేబులో చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఎక్కడ వేసినా ఆ రోజు బంతులన్నీ అందులో రాయాలి. టెన్నిస్ బంతి లెక్కలోకి రాదని వాదించే నాన్నలు మాత్రం ఇంకా ఉన్నారు.