ఐదారు రోజుల లేతదనం

బెండకాయ కొనేటప్పుడు కొస విరిచి చూడటం మన దగ్గర ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. టక్కున విరిగితే లేత, విరగకుండా వంగితే ముదురు. బండివాళ్లు విసుక్కుంటారు గానీ ఇది మంచి పరీక్షే. చెట్ల మానుకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థమే బెండకాయ నార కణాల గోడల్లోనూ పేరుకుంటుంది. అది ఇంకా చేరని కాయ విరుగుతుంది, చేరిన కాయ వంగుతుంది. అంటే కొస విరిచినప్పుడల్లా మనం లిగ్నిన్ ఎంత ఉందో చూస్తున్నామన్నమాట.

ఈ మార్పు ఎంత తొందరగా జరుగుతుందో పెరట్లోనో మిద్దె మీదో బెండ వేసినవాళ్లకే బాగా తెలుస్తుంది. పువ్వు విచ్చాక నాలుగో రోజు నుంచి ఆరేడో రోజు వరకే కాయ లేతగా ఉంటుంది. ఎండలు ముదిరితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. పువ్వు విచ్చిన రోజు ఉదయమే దాని కాడకు రంగు దారం వదులుగా కట్టండి. ఒక పువ్వుకు ఎర్రది, మర్నాటి పువ్వుకు పచ్చది, అలా వారం పాటు. తర్వాత అన్నిటినీ ఒకే రోజు కోసి కొసలు విరిచి చూస్తే, ఏ వయసు దగ్గర టక్కుమనడం ఆగిపోయిందో మీ మొక్కే చెబుతుంది.

ఆ పువ్వును కూడా ఒకసారి ఆగి చూడాలి. లేత పసుపు రంగు రేకులు ఐదు, మధ్యలో ముదురు వంగపండు రంగు మచ్చ, దాని నడుమ పుప్పొడి అంటిన చిన్న స్తంభం. ఉదయం విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. పత్తి పువ్వు, మందారం, గోంగూర పువ్వు చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే దొరుకుతుంది. అన్నీ ఒకే కుటుంబం. పత్తి చేలలో కాయ తొలిచే మచ్చల పురుగు బెండనూ వదలకపోవడానికి కారణం ఈ బంధుత్వమే. పత్తి రైతులు చేను చుట్టూ ఎర పంటగా బెండ వేయడమూ అందుకే.

ముదరడాన్ని మనం కాయ పాడవడంగా చూస్తాం గానీ, మొక్క లెక్క వేరు. బెండకాయ ఎండిపోయాక పత్తికాయలాగే గీతల వెంబడి పగలాలి, గింజలు బయట పడాలి. ఆ పగులు సాఫీగా రావాలంటే గోడలు గట్టిపడాలి, నార ఏర్పడాలి. మనం తినేది, మొక్క తన పని మొదలుపెట్టి ఇంకా సగంలో కూడా లేని దశలో ఉన్న కాయను. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారని సామెత. బ్రహ్మచారుల సంగతి ఏమో గానీ, ముదిరిన బెండకాయ మొక్కకు మాత్రం బాగా పనికొస్తుంది.

ఇందులో తోటవాళ్లకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. మొక్క మీద ఒకటి రెండు కాయలు ముదిరిపోనిస్తే, మొక్క తన బలమంతా ఆ గింజలకు మళ్లించి కొత్త పూత తగ్గిస్తుంది. రోజు మార్చి రోజు కోస్తూ ఉంటే పూస్తూనే ఉంటుంది. ఊరెళ్లి వారం తర్వాత వస్తే, కాయలు జానెడు పొడవు పెరిగి చెక్కల్లా ఉంటాయి. వండటానికి పనికిరాకపోయినా వాటిని వెంటనే కోసి పారేయాలి.

పెంచడం పెద్ద కష్టం కాదు, వేడి ఉంటే చాలు. వానాకాలానికి జూన్, జూలైల్లో, వేసవి కాపుకు జనవరి చివర లేదా ఫిబ్రవరిలో వేస్తారు. డిసెంబరు చలిలో వేసిన గింజలు మట్టిలోనే మూలుగుతూ కొన్ని కుళ్లిపోతాయి. నేల వేడి 20 డిగ్రీలకు తగ్గితే మొలక బాగా మందగిస్తుంది, 25 నుంచి 35 మధ్య ఉంటే నాలుగైదు రోజుల్లో పైకి వస్తుంది. గింజ పెంకు గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టి వేస్తే మేలు. తల్లివేరు లోతుకు దిగే మొక్క ఇది. నారు పోసి పీకి నాటితే ఆ వేరు దెబ్బతింటుంది, అందుకని నేరుగా గింజే పెట్టాలి. మిద్దెతోటలో అయితే అడుగు లోతున్న గ్రో బ్యాగ్‌కు ఒకటి, మహా అయితే రెండు మొక్కలు. 40 రోజులు తిరిగేసరికి మొదటి పూత కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు మూడు నాలుగు మొక్కలతో సరిపెట్టడం. అప్పుడు రోజుకు రెండు కాయలొస్తాయి, కూరకు చాలవు, చాలినన్ని పోగయ్యేసరికి మొదటివి వాడిపోతాయి. నలుగురున్న ఇంటికి పది పన్నెండు మొక్కలైనా ఉండాలి.

అసలు టెన్షన్ పల్లాకు తెగులుతో. ఆకు ఈనెలు ముందు పసుపు రంగుకు తిరుగుతాయి, మధ్యలో పచ్చదనం గళ్లుగళ్లుగా మిగులుతుంది, తర్వాత ఆకంతా పాలిపోతుంది. కాయలు కూడా తెల్లబారి, చిన్నగా, గట్టిగా వస్తాయి. చాలామంది దీన్ని ఎరువు లోపం అనుకుని మొక్కకు ఇంకో గుప్పెడు కంపోస్టు వేస్తారు. ఇది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. మందు లేదు. సోకిన మొక్కను మొదట్లోనే పీకేయడం, పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయడం, ఆకు అడుగు భాగం తడిసేలా వేపనూనె కొట్టడం, ఇంతే మన చేతిలో ఉన్నవి. మొలిచిన మూడు వారాల్లోపే సోకిందంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాలి.

ఈ తెగులు గురించి మన దేశంలో మొదట నమోదైంది 1924లో, అప్పటి బొంబాయి ప్రాంతంలో. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దీన్ని తట్టుకునే పూసా సావనీ అనే రకాన్ని తెచ్చాక దేశమంతా అదే వేశారు. కొన్నేళ్లకు వైరస్ దాన్నీ లొంగదీసుకుంది. అప్పుడు శాస్త్రవేత్తలు బెండకు వరసయ్యే అడవి జాతుల వైపు చూశారు. పర్భణీ క్రాంతి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్కా అనామిక లాంటి రకాలకు తట్టుకునే గుణం ఆ అడవి చుట్టాల నుంచే వచ్చింది. ఇలాంటి సంకరాలు బెండకు కొత్త కావు. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే సాగు బెండలో మామూలుగా 130 దాకా ఉంటాయి. ఎప్పుడో రెండు వేర్వేరు జాతులు కలిసి ఇది పుట్టిందనడానికి ఆ అంకె ఒక ఆధారం. పుట్టిల్లు ఆఫ్రికానా, మన ఉపఖండమా అన్న వాదన మాత్రం ఇంకా తేలలేదు.

కోసేటప్పుడు చేతులు దురద పెడతాయి. కాయ మీదా ఆకు మీదా ఉండే సన్నని నూగు చర్మంలో గుచ్చుకోవడం వల్ల అది. చేతికి కాస్త నూనె రాసుకున్నా, గ్లౌజు వేసుకున్నా సరిపోతుంది. కోశాక కూడా కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, అదీ చాలా వేగంగా. తేమ పోగొట్టుకుంటుంది, నార గట్టిపడుతూ ఉంటుంది. చల్లగా ఉంచితే ఇది నెమ్మదిస్తుంది గానీ మరీ చల్లదనం పడదు. 7 డిగ్రీల కంటే దిగితే కాయ మీద నల్లటి గుంటలు పడతాయి. ఇంటి ఫ్రిజ్ లోపల మామూలుగా అంతకంటే చల్లగానే ఉంటుంది. పొడి గుడ్డలో చుట్టి కింది అరలో పెట్టి రెండు రోజుల్లో వండేయడం ఉత్తమం. పెరట్లో చెట్టే ఉన్నవాళ్లకు ఆ బెడదా లేదు.

ఇక జిగురు. బెండకాయ అంటే ముఖం చిట్లించేవాళ్ల ఫిర్యాదంతా దీని మీదే. ఇది పొడవాటి చక్కెర గొలుసుల పదార్థం. గాలక్టోజ్, రామ్నోజ్, గాలక్ట్యురోనిక్ ఆమ్లం ఇందులో ముఖ్యమైన ముక్కలు. కాయ కోయనంతసేపు అది లోపలే అణిగి ఉంటుంది. కత్తి పడి కణాలు తెగి, నీళ్లు తగిలాయంటే ఉబ్బుతుంది. గాలక్ట్యురోనిక్ ఆమ్లం వల్ల గొలుసు పొడవునా రుణావేశం, అంటే నెగటివ్ చార్జి ఉంటుంది. ఒకే ఆవేశం ఒకదాన్నొకటి తోసుకుంటుంది కాబట్టి గొలుసులు బారుగా చాచుకుని, చుట్టూ బోలెడు నీటిని పట్టి ఉంచుతాయి. మన వేళ్లకు సాగుతూ తగిలేది అదే.

ఈ ఒక్క విషయం తెలిస్తే మన వంటింటి పద్ధతులన్నీ అర్థమైపోతాయి. చింతపండు పులుసో, పుల్ల పెరుగో, నిమ్మరసమో తగలగానే ఆ రుణావేశం చల్లారుతుంది, గొలుసులు ముడుచుకుంటాయి, జిగురు పలచబడుతుంది. బెండకాయ పులుసు, మజ్జిగ పులుసు ఇంత బాగా కుదరడంలో రుచితో పాటు ఈ రసాయన శాస్త్రమూ ఉంది. అయితే పులుపుకు ఇంకో గుణం ఉంది. కూరగాయల కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో అంత తొందరగా కరగదు. పచ్చి ముక్కలను తిన్నగా చింతపండు రసంలో వేస్తే ఎంతసేపు ఉడికినా బిరుసుగానే ఉండిపోవడం అందుకే. ముందు నూనెలో ముక్కలను ముప్పావు వంతు మగ్గనిచ్చి, ఆ తర్వాత పులుసు పోయాలి.

వేపుడుకు దారి వేరు. అక్కడ జిగురులోని నీటిని ఆవిరి చేసేయాలి. కాయలను కడగడం కోయకముందే అయిపోవాలి, పొడి గుడ్డతో తుడిచి కాసేపు ఆరబెట్టాలి. ముక్కలు మరీ చిన్నవైతే తెగిన అంచులు ఎక్కువై జిగురూ ఎక్కువే. వెడల్పు మూకుడు కావాలి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, మూత పెట్టకూడదు. మూత పెడితే ఆవిరి తిరిగి ముక్కల మీదే పడుతుంది. మొదట్లో ఊరికే గరిటెతో కెలికితే ముక్కలు నలిగి తీగలు సాగుతాయి. ఉప్పు సంగతి కాస్త తమాషాగా ఉంటుంది. నీళ్లలో కరిగిన జిగురును ఉప్పు నిజానికి పలచబరుస్తుంది, కానీ కోసిన ముక్కల మీద ముందే చల్లితే లోపలి నీటిని బయటికి లాగి వేపుడును ముద్ద చేస్తుంది. దించే ముందు వేసుకోవడమే మంచిది. జిగురు మొత్తం ఎండి ముక్కల అంచులు ఎర్రబడ్డాక ఉప్పూ కారమూ వేసి, వేయించిన పల్లీలు గానీ జీడిపప్పు గానీ కలిపితే పెళ్లి భోజనాల్లో వడ్డించే వేపుడుకు దగ్గరగా వస్తుంది.

మనం వదిలించుకోవాలని చూసే ఈ జిగురు కోసమే బెండకాయ వండుకునేవాళ్లూ ఉన్నారు. నైజీరియాలో కాయను సన్నగా తురిమి సూప్ చేస్తారు, అది ఎంత సాగితే అంత గొప్ప. అందులో కౌన్ అనే క్షార లవణం చిటికెడు వేస్తారు. పులుపు చేసే పనికి ఇది సరిగ్గా తలకిందులు, ఆవేశం పెరిగి జిగురు చిక్కబడుతుంది. మన రాగి సంగటిలా ముద్దగా చేసిన కసావా (కర్రపెండలం) పిండిని అందులో అద్దుకుని తింటారు. అక్కడి నుంచి బానిసలుగా తీసుకెళ్లిన మనుషులతో పాటు ఈ పంట అమెరికా దక్షిణ రాష్ట్రాలకు చేరింది. లూసియానాలో గంబో అనే పులుసును చిక్కబరచడానికి ఇప్పటికీ బెండకాయ వేస్తారు.

ఈ గొలుసులకు వంటింటి బయట కూడా పని ఉంది. మన దేశంలో బెల్లం వండేచోట చెరకు రసం కాగుతుండగా బెండ కాండం నుంచి తీసిన జిగురు వేసే పద్ధతి ఉంది. రసంలోని మలినాలు ఆ గొలుసులకు చిక్కుకుని తెట్టుగా పైకి తేలుతాయి, దాన్ని తీసేస్తారు. టెక్సాస్‌లోని టార్లెటన్ స్టేట్ యూనివర్సిటీలో రజనీ శ్రీనివాసన్ బృందం ఇదే సూత్రాన్ని మైక్రోప్లాస్టిక్ మీద ప్రయోగించింది. బెండ, మెంతుల నుంచి తీసిన జిగురు నీటిలోని సన్నని ప్లాస్టిక్ కణాలను గుంపుగా పట్టి అడుగుకు దించుతుందని 2025లో ప్రచురించారు. సముద్రపు నీటిలో బెండ, భూగర్భ జలాల్లో మెంతులు బాగా పనిచేశాయట.

ఇంత ఉన్నాక, లేని గొప్పలు అంటగట్టాల్సిన అవసరం లేదు. బెండకాయ తింటే లెక్కలు బాగా వస్తాయని పిల్లలకు చెప్పని తెలుగు ఇల్లు తక్కువ. దానికి ఆధారమేమీ లేదు, కంచంలో మిగిల్చిన కూర తినిపించడానికి మాత్రం అక్కరకొస్తుంది. షుగర్ జబ్బుకు మంచిదన్న మాటను మాత్రం అలా తేలిగ్గా తీసేయలేం. ఈ జిగురు నీటిలో కరిగే పీచు జాతిది, పేగుల్లో చక్కెర ఒంటికి పట్టడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. అలాగని రాత్రి నానబెట్టిన బెండకాయ నీళ్లు తాగుతూ మాత్రలు మానేయడం ప్రమాదం. బంగ్లాదేశ్ పరిశోధకులు 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, బెండకాయ సారం చక్కెరతో పాటు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మందును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వలేదు. ఆ మందు వాడేవాళ్లు బెండకాయ నీళ్లు రోజూ తాగాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి. కూరగా తింటే భయపడాల్సిందేమీ లేదు.

కాపు చివరికొచ్చాక, తెగులు సోకని మంచి మొక్క మీద రెండు కాయలు వదిలేయండి. గోధుమ రంగుకు తిరిగి, గీతల వెంబడి పగుళ్లిచ్చేదాకా ఆగి కోస్తే, ఒక్కో కాయలో యాభై పైచిలుకు గింజలుంటాయి. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే ఈ శ్రమ వద్దు, దాని పిల్లలు తల్లిలా రావు. మామూలు రకమైతే గింజలను నీడలో ఆరబెట్టి, కాసింత పొడి బూడిద కలిపి సీసాలో పోసి మూత బిగించండి. పక్కింటి మిద్దె మీద వేరే రకం ఉంటే తేనెటీగలు రెండిటి పుప్పొడినీ కలిపేస్తాయి. అది ఇష్టం లేకపోతే గింజ కోసం ఉంచే పువ్వుకు విచ్చకముందు సాయంత్రమే చిన్న కాగితం సంచి తొడగండి. బెండ తన పుప్పొడితోనే కాయ కట్టగలదు, తేనెటీగ కోసం ఆగదు.