స్తంభాల యార్డుల కింది నేల: అపోహలు - వాస్తవాలు

కరెంటు స్తంభాలకీ రైలు స్లీపర్లకీ చెద పట్టకుండా మందు పట్టించే యార్డులు మూతపడ్డాక, అక్కడి మట్టినీ కింది నీటినీ బాగుచేయడం నా పని. అమెరికాలో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: మందు ఇంకి నల్లబడ్డ మట్టిని తవ్వి లారీల్లో పంపేస్తే సరి.

ఈ యార్డుల్లో వాడిన మందుల్లో ఒకటి క్రియోజోటు, అంటే బొగ్గు తారు నుంచి తీసే నల్లటి నూనె. నూనె కదా, నీటి మీద తేలుతుందనుకుంటారు. క్రియోజోటు నీటికన్నా బరువు, మునుగుతుంది. ఇసుక సందుల్లోంచి దిగుతూ పోయి, బంకమట్టి పొర తగిలితే ఆ పొర వాలు ఎటుంటే అటు పాకుతుంది. నీరు పారే దిక్కుతో దానికి పనిలేదు. బోరులోంచి తీసిన మట్టి గొట్టాన్ని నిలువునా కోస్తే అడుగుల కొద్దీ శుభ్రమైన ఇసుక, ఉన్నట్టుండి సన్నటి నల్లచార, గుప్పున కలరా ఉండల వాసన. పక్కనే ఇంకో బోరు వేస్తే ఏమీ దొరకదు! ఎంత లోతుకని తవ్వుతాం? నీటిమట్టం దాటితే గోతి గోడలే కూలతాయి.

అపోహ: నీళ్లు తోడుతూ ఉంటే ఎప్పటికో శుభ్రపడుతుంది.

తోడితే కాలుష్యం పక్కకి పాకకుండా ఆగుతుంది, అంతవరకు మంచిదే. కానీ తారు నీటిలో చాలా కొద్దికొద్దిగా కరుగుతుంది, అడుగున సరుకు అలాగే కూర్చుంటుంది. కాలిఫోర్నియాలోని వైసేలియాలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ స్తంభాల యార్డులో ఏళ్ల తరబడి తోడారు. చివరికి వచ్చే తారు వారానికి సుమారు 10 పౌండ్లు. 1997లో భూమిలోకి ఆవిరి ఎక్కించడం మొదలుపెట్టారు. వేడికి తారు పలచబడి, కొంత ఆవిరై, బావుల్లోంచి పైకి వచ్చింది. మూడేళ్లలో తీసింది దాదాపు 13 లక్షల పౌండ్లు.

అలాగని ఆవిరి పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. వాషింగ్టన్ రాష్ట్రం బైన్‌బ్రిడ్జ్ దీవిలోని వైకాఫ్ స్థలంలో ఆవిరి ప్రయత్నం పైలట్ దశ దాటలేదు. తర్వాత 2019లో, సిమెంటు కలిపి నేలలోనే గట్టిపరచే పద్ధతిని ఎంచుకున్నారు. నేల స్వభావం చూడకుండా ముందే పద్ధతి చెప్పే కన్సల్టెంటును నేను నమ్మను.

అపోహ: సూక్ష్మజీవులు అన్నీ తినేస్తాయి.

నాఫ్తలీన్ లాంటి చిన్న అణువుల్ని బాగానే తింటాయి, పెద్దవాటితో చాలా నెమ్మది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు వాడిన యార్డు అయితే ఆ ఆశే వద్దు. ఆర్సెనిక్ మూలకం, విరిచేందుకు అందులో ఏమీ లేదు.

అపోహ: నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉంటే తాగొచ్చు.

స్తంభాలకు పట్టించిన ఇంకో మందు పెంటాక్లోరోఫినాల్. దానికి అమెరికా తాగునీటి పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. ముక్కుకి అందే లెక్క కాదది, ల్యాబ్ రిపోర్టే దిక్కు.

అపోహ: సూపర్‌ఫండ్ జాబితాలోంచి (అమెరికా ప్రభుత్వం బాగుచేయించే కలుషిత స్థలాల జాబితా) తీసేశారంటే ఇళ్లు కట్టుకోవచ్చు.

వైసేలియాను 2009లో తీసేశారు. అయినా ఆ స్థలం వాడకం మీద ఆంక్షలున్నాయి. కొనేముందు దస్తావేజులో ఆ షరతులు చదవండి.

అపోహ: పాత స్లీపర్లలో మందు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది.

ఇది ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లే ఎక్కువగా అడుగుతారు, పెరట్లో గోంగూర మడికి అంచులు కట్టడానికి. ఎండ వేడికి స్లీపరు పగుళ్లలోంచి ఇప్పటికీ తారు చెమర్చుతుంది, కూరమళ్లకు వద్దు. అమెరికాలో 2003 దాకా ఇళ్ల పనులకు వాడిన, మందు పట్టించిన ఆకుపచ్చ ఛాయ చెక్కలో ఆర్సెనిక్ ఉండొచ్చు. దాన్ని కాల్చకండి, ఒకవేళ ఎవరైనా కాల్చినా ఆ బూడిదను మొక్కలకి వేయకండి.