గుమ్మడికాయ పెడితే కుక్క పొట్ట బాగైపోతుందా?

"గుమ్మడికాయ పెడుతూనే ఉన్నాం డాక్టర్ గారూ, అయినా తగ్గట్లేదు." విరేచనాలతో కుక్కను తీసుకొచ్చేవాళ్ల నోట ఈ మాట తరచుగా వింటుంటాను. ఎన్ని రోజులుగా పెడుతున్నారని అడిగితే మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటారు. ఆ కాయ మీద నాకేం కోపం లేదు, నేనూ పెట్టమంటాను. కాకపోతే దానివల్ల అయ్యే పని కొంచెం, దాని మీద పెట్టుకున్న ఆశ కొండంత. అన్నట్టు, నేను మాట్లాడేది తీపి గుమ్మడి గురించి, బూడిద గుమ్మడి గురించి కాదు.

అపోహ: ఎలాంటి విరేచనాలైనా గుమ్మడికాయతో కట్టుకుంటాయి.

వాస్తవం: ముందు తేల్చుకోవాల్సింది ఇబ్బంది ఏ పేగులో ఉందన్నది. పెద్దపేగు వాస్తే కుక్క మాటిమాటికీ బయటికి పరిగెడుతుంది, ముక్కుతుంది, వెళ్లిన ప్రతిసారీ కొంచెమే వస్తుంది. అందులో జిగురు ఉంటుంది, ఒక్కోసారి ఎర్రటి నెత్తుటి చారలు కూడా. గుమ్మడిలోని పీచు పనికొచ్చేది ఇక్కడే. కరిగే పీచు నీటిని పట్టుకుని జావలా చిక్కబడుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు లోపలి పొరలోని కణాలకు తిండి అదే.

చిన్నపేగు విరేచనాల తీరు వేరు. ఎక్కువసార్లు వెళ్లకపోవచ్చు గానీ వెళ్లినప్పుడు బోలెడంత, నీళ్లనీళ్లగా పోతుంది. వాంతులు తోడవ్వచ్చు, రోజులు గడిస్తే ఒళ్లు తీస్తుంది. మలం తారులా నల్లగా ఉంటే పైన ఎక్కడో రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. ఇలాంటి పొట్టకు మామూలుగా ఇవ్వాల్సింది తేలిగ్గా అరిగే, పీచు తక్కువున్న ఆహారం. గుమ్మడి గుజ్జు దట్టిస్తే అరగని సరుకు ఇంకాస్త పెరుగుతుంది, అంతే. ఇక టీకాలు పూర్తికాని పిల్లకుక్కకు వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకుంటే మా మనసులో మొదట మెదిలేది పార్వో వైరస్, పిల్లకుక్కల ప్రాణాలు తీసే పేగుల జబ్బు. అక్కడ ఒక పూట ఆలస్యం కూడా ఖరీదైనదే.

అపోహ: గుమ్మడికాయ నిండా పీచే.

వాస్తవం: నిండా నీళ్లు. పచ్చి కాయలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. డబ్బాలో దొరికే చిక్కటి గుజ్జు 100 గ్రాములు తీసుకున్నా పీచు 3 గ్రాములు దాటదు. ఇంట్లో ఉడికించినదాంట్లో ఇంకా తక్కువ. అదే బరువు ఇసబ్గోల్ పొట్టులో దగ్గర దగ్గర 80 గ్రాములు పీచే. అందుకే పీచు నిజంగా అవసరమైన కుక్కకు నేను ఇసబ్గోల్ నానబెట్టి ఇమ్మంటాను, మోతాదు దాని బరువును బట్టి చెప్తాను. గుమ్మడికి ఉన్న సుగుణం వేరే: చాలా కుక్కలు ఇష్టంగా తింటాయి, కేలరీలు తక్కువ. బొద్దుగా పెరిగి ఎప్పుడూ ఆకలంటూ వెంటపడే కుక్కకు గిన్నె నిండినట్టు కనిపించడానికి భేషుగ్గా ఉంటుంది.

అపోహ: ముక్కుతోందంటే మలబద్ధకమే, గుమ్మడితో సరిపోతుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం వేసేది దీంతోనే. రాత్రంతా గుజ్జు తినిపించి పొద్దున్నే తీసుకొచ్చిన ఒక మగకుక్కకు మలం ఆగలేదు, ఆగింది మూత్రం. మూత్రనాళంలో రాయి అడ్డుపడింది. ఇంకొన్ని గంటలు ఆగితే ప్రాణం మీదికి వచ్చేది. నిజంగా మలబద్ధకమే అయినా వెనక కారణాలు చాలా ఉంటాయి: నమిలిన ఎముకలు, ఉబ్బిన ప్రోస్టేట్, నీళ్లు సరిగ్గా తాగకపోవడం. ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు పీచు ఎక్కిస్తే లోపల ఇంకా గట్టిపడుతుంది.

అపోహ: గింజలు పెడితే కడుపులో పురుగులు పోతాయి.

వాస్తవం: గింజల్లో కుకుర్బిటిన్ అనే పదార్థం ఉన్నమాట నిజమే. దాన్ని నమ్ముకుని పురుగుల మందు మానేయడం తప్పు. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగువి. దానికి ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. దాన్ని మోసుకొచ్చే, బొచ్చులో గెంతే ఫ్లీ పురుగుల్ని కూడా వదిలించాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

అపోహ: మనం వండుకున్నదే కొంచెం పెట్టొచ్చు.

వాస్తవం: ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి, జాజికాయ విషం, తీపి కోసం జైలిటాల్ వేసి ఉంటే మరీ ప్రమాదం. చెక్కు, గింజలు తీసి ఉత్తగా ఉడికించండి. ఉప్పు కూడా వద్దు. ముందు చిన్న ముక్క మీరే నాలుక మీద పెట్టుకోండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే వేరే పదార్థానిది, ఉడికించినా పోదు, మనకూ మంచిది కాదు.

చిన్న కుక్కకు చెంచాడు, పెద్దదానికి రెండు మూడు పెద్ద చెంచాలు, అదీ రోజూ తినే తిండిలో కలిపి. కిడ్నీ జబ్బు, మధుమేహం ఉంటే అడక్కుండా పెట్టకండి. ఒకట్రెండు రోజుల్లో తేడా కనపడకపోయినా, మధ్యలో వాంతులు, నెత్తురు, నీరసం కనిపించినా తీసుకొచ్చేయండి. వచ్చేటప్పుడు చిన్న డబ్బాలో తాజా మలం కొంచెం తెండి. గుమ్మడికాయ పెట్టి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. లేదంటే ఆ నారింజ రంగు చూసి నేను కాలేయం పరీక్షలు రాసిపారేస్తాను.