పైనున్న కెమెరా నిజమే చెప్తోందా?

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీరు పంపిన ఉపగ్రహ చిత్రం చూశాను. సముద్రం మీద పైనుంచి కిందికి సన్నటి చారలున్నాయి, ఇవేంటి తాతయ్యా, ఓడలు వెళ్లిన దారులా అని అడిగారు. ఓడలవి కావు, ఆ చారలు కెమెరా లోపల పుట్టినవి. ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఫోన్ కెమెరా మొత్తం దృశ్యాన్ని దాదాపు ఒక్కసారిగా పట్టేస్తుంది. భూమిని చూసే ఉపగ్రహాల్లో చాలావాటి పద్ధతి వేరు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ 8 సంగతే చూడండి. 2013 ఫిబ్రవరిలో ప్రయోగించారు, 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. దాని కెమెరాలో వెలుతురును కొలిచే చిన్న చిన్న డిటెక్టర్లు అడ్డంగా బారుగా ఉంటాయి, ఒక్కో రంగుకి దాదాపు ఏడు వేలు. ఉపగ్రహం ముందుకు పోతుంటే ఆ బారు 185 కిలోమీటర్ల వెడల్పున్న నేలను గీత తర్వాత గీతగా చదువుకుంటూ పోతుంది. మన దేశపు ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లో ఉన్న లిస్ అనే కెమెరాలదీ ఇదే పద్ధతి. అంటే చిత్రంలో పైనుంచి కిందిదాకా ఒక నిలువు గీతంతా ఒకే డిటెక్టర్ కొలిచింది. అది పక్కదానికంటే కాస్త ఎక్కువ చెప్పిందంటే ఆ గీత మొత్తం తెల్లబడి చారలా కనిపిస్తుంది. సముద్రం నల్లగా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అక్కడ దొరికిపోతుంది. ఊళ్ల మీద, పొలాల మీద కూడా అదే తప్పు ఉంటుంది, కాకపోతే కంటికి ఆనదు.

ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు చేసిన డిటెక్టర్లయినా ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. చిమ్మచీకట్లో కూడా ప్రతిదీ ఏదో ఒక అంకె చూపిస్తుంది, పైగా ఒకే వెలుతురుకి ఒకటి ఎక్కువ చెప్తే ఇంకోటి తక్కువ చెప్తుంది. కిరాణా కొట్లో కాటా గుర్తు తెచ్చుకోండి. బియ్యం పోసే ముందు ఖాళీ పళ్లెం మీద సున్నా చూపిస్తోందా లేదా అని చూస్తాం, అనుమానం వస్తే ముద్ర వేసిన కిలో రాయి పెట్టి చూస్తాం. డిటెక్టర్‌కి చేసే కాలిబ్రేషన్ కూడా ఈ రెండు పనులే. సున్నా కోసం చీకటి చూపించాలి, కిలో రాయి బదులు ఎంతుందో ముందే తెలిసిన వెలుతురు చూపించాలి.

ఒక లెక్క చేద్దాం, అంకెలు నేను అనుకున్నవే. మొదటి డిటెక్టర్ చీకట్లో 10, తెలిసిన వెలుతురులో 510 చూపించింది. పక్కది చీకట్లో 30, అదే వెలుతురులో 430. ఇప్పుడు ఒకే పొలాన్ని రెండూ చూశాయి, మొదటిది 260 అంది, రెండోది 230 అంది. చూడగానే రెండో పక్కన పొలం నల్లబడిందనుకుంటాం. చీకటి అంకె తీసేసి చూడండి. మొదటిది 500లో 250, రెండోది 400లో 200. రెండూ సరిగ్గా సగమే! పొలంలో ఏ తేడా లేదు. ఈ పని ప్రతి డిటెక్టర్‌కీ విడివిడిగా చేస్తేనే చారలు పోతాయి.

ప్రయోగానికి ముందు ఇదంతా ల్యాబ్‌లో చేస్తారు. లోపలంతా తెల్ల పూత ఉన్న పెద్ద బోలు గోళంలో దీపాలు వెలిగించి, ఎటు చూసినా సమానంగా ఉండే ఆ వెలుతురును కెమెరాకి చూపిస్తారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. రాకెట్ అదురు, గాలి లేని చోటు, ఏళ్ల తరబడి తగిలే అతినీలలోహిత కిరణాలు, వీటన్నిటితో కెమెరా మెల్లమెల్లగా మారిపోతుంది. పైకెళ్లి బాగుచేసి రాలేం కదా.

అందుకని ఉపగ్రహం తన పరీక్ష సామాను తనే మోసుకెళ్తుంది. ల్యాండ్‌శాట్ 8లో షట్టర్ మూసి చీకటిని కొలుస్తారు. లోపల దీపాల జతలు మూడున్నాయి, ఒకటి రోజూ వెలుగుతుంది, ఒకటి నెలకోసారి, ఇంకోటి ఆరు నెలలకోసారి మాత్రమే. సూర్యుడి వెలుతురును సమానంగా పరిచే తెల్ల పలకలు రెండున్నాయి. ఒకదాన్ని తరచూ వాడతారు, రెండోదాన్ని దాచిపెట్టి ఏడాదికి రెండుసార్లే బయటికి తీస్తారు. ఎందుకంటే ఎండ తగిలిన కొద్దీ ఆ పలక కూడా పాతబడుతుంది. అంకెలు తగ్గుతుంటే కెమెరా తగ్గిందా, పలక మాసిందా అన్నది తేలాలంటే వాడకుండా దాచినది ఒకటి ఉండాలి. ఆ యంత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

అదీ చాలదని చంద్రుణ్ణి చూపిస్తారు! అక్కడ గాలి లేదు, వాన లేదు, గడ్డి మొలవదు, కాబట్టి ఆ నేల మన లెక్కకి మారనట్టే. పున్నమి నాడు అంత తెల్లగా కనిపిస్తుంది గానీ, నిజానికి తన మీద పడ్డ వెలుతురులో ఎనిమిదో వంతు మాత్రమే వెనక్కి పంపుతుంది, మన నేలలు పంపేదానికి దగ్గరగా. చిక్కేంటంటే కళను బట్టి, మనవైపు కాస్త అటూ ఇటూ ఒరిగే తీరును బట్టి ఆ వెలుగు మారుతుంటుంది. దాని లెక్క తేల్చడానికే అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో టెలిస్కోపులు పెట్టి ఏళ్ల తరబడి చంద్రుణ్ణి కొలిచారు. ఇప్పుడు ఏ రోజు ఏ కోణంలో ఎంత వెలుగు రావాలో ముందే లెక్క కట్టొచ్చు. సముద్రాలను చూసే సీవిఫ్స్ అనే కెమెరాతో 1997లో వెళ్లిన ఉపగ్రహం నెలకోసారి భూమి వైపు నుంచి పక్కకి తిరిగి చంద్రుణ్ణి చూసి, మళ్లీ పనిలో పడేది. ల్యాండ్‌శాట్ 8 కూడా నెలనెలా చూస్తుంది.

ఇక నేల మీద చేసే పరీక్ష, ఇది మీకు బాగా నచ్చుతుంది. అమెరికాలో నెవాడాలోని రైల్‌రోడ్ వ్యాలీలో ఎండిపోయిన సరస్సు అడుగు ఉంది, చెట్టూ చేమా లేకుండా తెల్లగా, బల్లపరుపుగా. ఉపగ్రహం వచ్చే వేళకి మనుషులు వీపుకి వెలుతురు కొలిచే పరికరం తగిలించుకుని, దాని కొసను చేత్తో ముందుకు చాపి, తమ నీడ దాని మీద పడకుండా చూసుకుంటూ బారులు బారులుగా ఎండలో నడుస్తారు. మధ్యమధ్యలో తెల్ల పలకను కొలిచి సరిచూసుకుంటారు. పైన గాలిలో దుమ్మెంత, తేమెంత అని కూడా లెక్క కడతారు. అప్పుడు పైనుంచి ఎంత కనపడాలో తెలుస్తుంది, కెమెరా ఎంత చెప్పిందో పక్కన పెట్టి చూస్తారు. మన ఇస్రో వాళ్లకి ఇలాంటి చోటు గుజరాత్‌లోని చిన్న రణ్ అనే ఉప్పు ఎడారి. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ వాళ్లు అక్కడికెళ్లి కొలుస్తారు. మనుషులు వెళ్లని చోట్లు కూడా పనికొస్తాయి, లిబియా ఎడారిలో లిబియా-4 అనే ఇసుక ప్రాంతాన్ని ఎన్నో దేశాల ఉపగ్రహాలు ఇందుకే వాడుకుంటాయి.

చారల కోసమే ప్రత్యేకంగా ఇంకో ఉపాయముంది. ఉపగ్రహాన్నే తొంభై డిగ్రీలు తిప్పేస్తారు. అడ్డంగా ఉండే డిటెక్టర్ల బారు వెళ్లే దారిలోనే నిలువుగా అవుతుంది, దాంతో అన్నీ ఒకదాని వెనక ఒకటి అదే నేలను చూస్తాయి. నేల ఒకటే అయినప్పుడు అంకెల్లో వచ్చే తేడా డిటెక్టర్లదే. ఇక 2021లో ల్యాండ్‌శాట్ 9ని పంపినప్పుడు, నవంబర్‌లో కొన్ని రోజులు దాన్ని 8 కిందుగా నడిపించి, రెండూ దాదాపు ఒకే సమయంలో ఒకే నేలను చూసేలా చేశారు, రెండింటి మాటా కలవాలని.

ఇంత తంటా ఎందుకంటే, అనంతపురంలో వేరుశనగ చేను ఎలా ఉందో చిత్రంలో చూసి చెప్పాలనుకోండి. పచ్చటి ఆకు ఎరుపును మింగేసి, కంటికి కనపడని పరారుణాన్ని ఎక్కువగా వెనక్కి పంపుతుంది, ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తారు. పరారుణం 40, ఎరుపు 10 అయితే 30ని 50తో భాగించి 0.60. పరారుణం డిటెక్టర్ వయసైపోయి అయిదు శాతం తక్కువ చెప్తే 40 కాస్తా 38 అవుతుంది, ఫలితం 0.58కి పడిపోతుంది. చేను నిరుడు ఉన్నంత బాగానే ఉంది, కెమెరా ముసలిదైంది. ఆ సంగతి పట్టుకోకపోతే ఏటికేడాది పంట దెబ్బతింటోందని రాసేస్తాం. రైతుకి సంబంధించిన అంకె విషయంలో అలా జరగడం నాకు అస్సలు మింగుడుపడదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అసలు కొలవనిదాన్ని కాలిబ్రేషన్‌తో తెచ్చుకోలేం. 2003 మేలో ల్యాండ్‌శాట్ 7లో గీతలను సరిదిద్దే చిన్న భాగం పాడై, అప్పటినుంచి ఒక్కో చిత్రంలో దాదాపు 22 శాతం ఖాళీగా వచ్చింది. మిగిలిన పిక్సెళ్ల అంకెలు మాత్రం నమ్మదగినవే, అందుకే ఆ తర్వాత కూడా దాన్ని ఏళ్ల తరబడి వాడారు. ఖాళీలను పక్క పిక్సెళ్లతో పూడిస్తే చిత్రం చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడ ఎవరూ ఏదీ కొలవలేదు. అలా పూడ్చిన చిత్రం వాడితే ఆ మాట పక్కనే రాయాలి.

ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం. సెలవుల్లో మన ఊరి చెరువున్న ల్యాండ్‌శాట్ 8 చిత్రం, లెవెల్-1 అనే రకం, ఒకటి దింపుకోండి. దాంతోపాటు ఎంటీఎల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ వస్తుంది, అందులో ఒక్కో రంగు బ్యాండ్‌కి 0.00002 అని ఒక గుణకం, -0.1 అని ఇంకో అంకె ఉంటాయి. పిక్సెల్ 10000 అయితే గుణకంతో గుణించి 0.1 తీసేస్తే 0.1 వస్తుంది, దాన్ని సూర్యుడి ఎత్తు కోణం సైన్‌తో భాగించాలి, ఆ కోణం కూడా ఆ ఫైల్‌లోనే ఉంటుంది. అలా వచ్చేది, పడ్డ వెలుతురులో ఎంత వంతు వెనక్కి వచ్చిందో చెప్పే అంకె. చెరువు నీళ్లకి ఎంతొచ్చిందో, గట్టుకి ఎంతొచ్చిందో లెక్క చేసి నాకు పంపండి, నేనూ ఇక్కడ చేసి పెడతాను, రెండూ కలుస్తాయేమో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య