పాడి పశువుకు యాంటీబయాటిక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పశువుల మందులకు చీటీ అక్కర్లేదు, షాపులో అడిగితే ఇస్తారు.

అడిగితే ఇస్తున్నారన్నది నిజమే, కానీ అది చట్టవిరుద్ధం. యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ శాతం షెడ్యూల్ హెచ్ లేదా హెచ్1 మందులు, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. పశువుకు వాడాలంటే రిజిస్టరైన పశువైద్యుడే చీటీ రాయాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్య సహాయకులు చిన్నచిన్న సేవలు చేయొచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే. ఊళ్లో డాక్టరు దొరక్కపోవడం పెద్ద ఇబ్బందే, కాదనను. అలాంటప్పుడు 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

అపోహ: పాలు బాగా మరిగిస్తే మందు పోతుంది.

పోదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే నమ్మకం ఇదే. పొదుగువాపుకు చనుమొనలోకి ట్యూబు ఎక్కించిన రోజే ఆ పాలు కేంద్రానికి పోసేస్తారు. మరిగించినా మందు చాలావరకు అలాగే ఉంటుంది. పెన్సిలిన్ పడని మనిషి ఆ పాలు తాగితే ప్రమాదం. తోడేసినా సరిగా పేరుకోవు, ఎందుకంటే తోడులోని సూక్ష్మజీవులనూ ఆ మందు అణిచేస్తుంది. అందుకే మందు వాడాక పాలు ఎన్నాళ్లు ఆపాలో లేబుల్ మీద ఉండాలని ఔషధ నిబంధనల్లోని 97వ నియమం చెబుతోంది. ఆ మందుకంటూ నిర్ధారించిన గడువు లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. ఒక్క రొమ్ముకే ట్యూబు వేశాం కదా, మిగతా మూడింటి పాలు పోయొచ్చా అని అడుగుతారు. వద్దు. మందు రక్తంలో కలిసి మిగతా రొమ్ములకూ చేరుతుంది. ఆ పాలు దూడకు కూడా తాగించకండి, దాని కడుపులో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి.

అపోహ: గాలికుంటుకు యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది.

గాలికుంటు వైరస్ జబ్బు. పుండ్లలో చీము పడితే తప్ప ఆ సూదితో పని లేదు. టీకా వేయించండి.

అపోహ: కోళ్ల దాణాలో కొంచెం యాంటీబయాటిక్ కలిపితే ముందుజాగ్రత్త.

అలా వాడిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారానికి పెంచే జీవాలన్నిటిలో నిషేధించింది. ఆసుపత్రిలో వేరే ఏ మందుకూ లొంగని ఇన్ఫెక్షన్‌కు డాక్టర్లు చివరగా వాడేది అదే. ఫారాల్లో దాన్ని దాణాలో కలపడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. కోడిపిల్లలకు జబ్బు రాకూడదంటే టీకాలు వేళకు వేయాలి, లిట్టర్ (కోళ్ల కింద పరిచే పొట్టు) పొడిగా ఉంచాలి, నీటి పైపులు కడగాలి. ఇవన్నీ చేశాక కూడా పిల్లలు చనిపోతుంటే చచ్చిన కోడిని పోస్టుమార్టానికి పశువైద్యశాలకు తీసుకురండి. ఏ మందు అవసరమో, అసలు అవసరమో కాదో అప్పుడు చెప్పగలం.