ఒకే వరుసలో అమ్మా, నాన్నా, పిల్లలూ: కరాటే గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడ మీద కరాటే నేర్పుతాను. ఆరేళ్ల కిందట ఆదివారం పొద్దున ఐదున్నర బ్యాచ్‌ని పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ కలిసి చేసేదిగా మార్చాను. అంతకుముందు పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్లు గంటన్నరసేపు పిట్టగోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. ఒకరోజు ఒకాయన లేచి వచ్చి, "మేడమ్, నేనూ వెనక వరుసలో నిలబడనా? ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తోంది" అన్నారు. నిలబడమన్నాను. మరుసటి వారానికి వెనక వరుసలో నలుగురయ్యారు.

చేరేముందు ఫోన్ చేసి అడిగేవాళ్ల మాటల్లో కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. విడివిడిగా అందరికీ చెప్పే జవాబులే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: నలభై దాటాక ఒళ్లు వంగదు, ఇక మనవల్ల కాదు.

వంగుతుంది. కాస్త టైమ్ పడుతుందంతే. ఎనిమిదేళ్ల పిల్ల మెట్లెక్కి వచ్చి నేరుగా కిక్ వేసినా ఏమీ కాదు. నలభై ఐదేళ్ల మనిషి అలా చేస్తే తొడ వెనక కండరమో, మడమ వెనకుండే అకిలిస్ టెండనో పట్టేస్తుంది. అందుకే పెద్దవాళ్లకి పదిహేను నిమిషాల వార్మప్ తప్పనిసరి. అప్పుడు కూడా కీళ్లు తిప్పడం, కాళ్లు మెల్లగా ఊపడం వరకే. కదలకుండా పట్టి సాగదీసే స్ట్రెచింగ్ క్లాసు చివర్లో, ఒళ్లు వేడెక్కాక చేయిస్తాను. చాలామంది దీన్ని తిరగేసి చేసి, "కరాటేతో కాలు పట్టేసింది" అంటారు.

మొదటి ఆరు నెలలూ పెద్దవాళ్ల కిక్ నడుం దాటనివ్వను. కాలు తలదాకా లేస్తేనే కరాటే అనుకోవడం సినిమాలు చూసి వచ్చిన అలవాటు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే రండి. వచ్చాక నాతో దాచకండి.

ఒంటి కంటే ముందు పెగలాల్సింది గొంతు. పంచ్‌తోపాటు పొట్ట లోపలి నుంచి వేసే కేకని కియాయ్ అంటాం. పిల్లలు మొదటి రోజే మేడ ఎగిరిపోయేలా వేస్తారు. అమ్మలకి మాత్రం నెల పడుతుంది. ఒకామె మూడు వారాలు పెదవులు కదిపారే గానీ శబ్దం రాలేదు. నాలుగో వారం పక్కనున్న కొడుకే చెప్పాడు: "అమ్మా, హోంవర్క్ చెయ్యకపోతే నా మీద అరుస్తావే, అలా అరువు." అరిచారు. పక్కింటి నీళ్ల ట్యాంకు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఇన్నేళ్లలో బయట ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదని తర్వాత ఆవిడే చెప్పారు.

అపోహ: అమ్మో నాన్నో పక్కనుంటే పిల్లలు మాస్టర్ మాట వినరు.

ఇందులో సగం నిజముంది. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పిల్లాడు పంచ్ వేసీ వెయ్యగానే తండ్రి మొహం చూస్తాడు. తండ్రి ఊరుకోలేరు. "మోకాలు వంచరా", "నిటారుగా నిలబడు" అంటారు. అప్పటికి నేనూ ఏదో చెప్తుంటాను. ఆ పిల్లాడికి ఒకేసారి ఇద్దరు మాస్టర్లు, అందులో ఒకరు ఇంటికెళ్లాక కూడా వదలని మాస్టర్. పదిహేను రోజుల్లో "నేను రాను" అంటాడు. అలా మానేసిన పిల్లల్ని చూశాను. మానేసింది కరాటే నచ్చక కాదు.

అందుకని మా బ్యాచ్‌లో ఒక నియమం పెట్టాను. గంటన్నరసేపు ఎవరి పిల్లల్ని వాళ్లు దిద్దకూడదు. ఏ నియమానికీ ఇంత కష్టపడరు. చేతులు వెనక్కి కట్టుకుని పెదవి కొరుక్కునే నాన్నల్ని నేను ప్రతి ఆదివారం చూస్తాను. రెండోది, వరుస. కరాటేలో వరుస వయసుని బట్టి కాదు, బెల్టుని బట్టి. ముందు చేరిన కూతురు ఆరెంజ్ బెల్టుతో ముందు వరుసలో, నిన్న చేరిన తండ్రి తెల్ల బెల్టుతో చివర. మొదట్లో కొందరికి ఇది నామోషీగా ఉంటుంది. పిల్ల ముందు తప్పు చెయ్యడం ఇంకా కష్టం. దెబ్బలూ అడ్డులూ ఒక క్రమంలో కూర్చి ఒంటరిగా చేసేదాన్ని కటా అంటాం. హెయాన్ షోదాన్ అనే కటాలో 21 కదలికలు. అందులో మలుపులు గుర్తుండక తండ్రి ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగి పక్కవాళ్లకి ఎదురుపడతారు. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. నాన్నకి కూడా ఒకటి రావడానికి నెల పడుతుందని ఆ పిల్ల కళ్లారా చూస్తోంది. లెక్కలు రాకపోతే తిట్లు తిన్న పిల్ల అది.

వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో పనిచేసే ఒకాయన, తొమ్మిదేళ్ల కూతురితో చేరారు. ఒకరోజు కిక్ ప్యాడ్ పాపకిచ్చి ఆయన్ని ముందు కిక్, అంటే మే గెరి, వెయ్యమన్నాను. కాలు లేచింది, ప్యాడ్‌కి జానెడు దూరంలో ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి కాలు దించేసి, "వద్దులెండి మేడమ్, తగిలితే పడిపోతుంది" అన్నారు. పాప మొహం మాడిపోయింది. "నేను గట్టిగానే పట్టుకున్నా నాన్నా" అంది.

దాని దగ్గరికి వెళ్లి ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టించాను. ముందు మోకాలు వంచి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ప్యాడ్‌ని మొహానికి దూరంగా కిందకి దించి పొట్టకి అదిమి పట్టుకోమన్నాను. ఆయనతో బలంలో నాలుగో వంతు చాలన్నాను. ఈసారి తగిలింది. ప్యాడ్ ధప్‌మంది. పాప వెనక పాదం సిమెంటు మీద బెత్తెడు జారి ఆగింది. పడలేదు. "ఇంకోటి" అంది. ఆ ఉదయం ఆయన ఇరవై కిక్‌లు వేశారు, పాపే లెక్కపెట్టింది.

నేను ఎప్పటికీ ఒప్పుకోనిదీ ఒకటుంది. తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య ఫ్రీ ఫైట్ పెట్టను. డెబ్భై ఐదు కిలోల మనిషి, ఇరవై ఎనిమిది కిలోల పిల్ల! పొరపాటున తగిలినా ప్రమాదమే. ఇద్దరు ఎదురెదురుగా చేసేదాన్ని కుమితే అంటాం. వాళ్లిద్దరికీ అందులో గోహోన్ కుమితే చాలు. ఏ దెబ్బ ఎక్కడికి వస్తుందో ముందే చెప్పి, ఒకే దెబ్బతో ఐదు అడుగులు ముందుకు రావాలి. ఎదుటివాళ్లు ఐదు అడుగులు వెనక్కి వేస్తూ బ్లాక్ చేసి, ఐదోదానికి తిరిగి కొట్టాలి. పిల్ల వచ్చేటప్పుడు పూర్తి వేగం, పెద్దవాళ్లు వచ్చేటప్పుడు చెయ్యి ఒంటికి బెత్తెడు ముందే ఆగాలి. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, అయోమయంగా ఉన్నా ఆ రోజుకి ఆట బంద్. డాక్టరు చూసి సరే అన్నాకే మళ్లీ రావాలి.

అపోహ: చిన్నప్పుడే కరాటే చేయిస్తే ఎత్తు పెరగరు.

పద్ధతిగా చేయిస్తే ఎత్తుకేమీ కాదు. అయితే ఈ భయం ఊరికే పుట్టలేదు. పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మెత్తటి పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పెరిగేది అక్కడే. ఆడపిల్లల్లో సుమారు 13-15 ఏళ్లకీ, మగపిల్లల్లో 15-17 ఏళ్లకీ అది మూసుకుంటుంది. అప్పటిదాకా పెంకులు పగలగొట్టించడం, ఇటుకలు గుద్దించడం, పిడికిలి మీద గచ్చుపై పుషప్‌లు తీయించడం తప్పు. నాకు పదకొండేళ్లప్పుడు, నేను నేర్చుకున్న చోట ఇవన్నీ చేయించారు. స్కూలు వార్షికోత్సవంలో పెంకులు పగలగొడితే చప్పట్లు కొట్టారు కూడా. ఇప్పటికీ చలికాలంలో నా కుడిచేతి నడిమి వేలి కణుపు వాచి, చపాతీ పిండి కలపలేను. మీ పిల్లలతో ఇలాంటివి చేయిస్తుంటే ఎంత పేరున్న మాస్టరైనా సరే, వద్దని చెప్పండి.

అపోహ: కరాటే వస్తే స్కూల్లో కొట్లాటలకి దిగుతారు.

మొదటి నెలలో ఒకరిద్దరు తమ్ముడి మీద ప్రయోగం చేస్తారు, కాదనను. నేను చెప్పేదాకా వాళ్లకి కుమితే ఉండదు, అంతే. కానీ కరాటే పుట్టుక చూడండి. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో 1900ల మొదట్లో ఇతోసు అంకో అనే గురువు దీన్ని బడుల్లోకి తెచ్చి, విద్యార్థుల కోసం పినాన్ కటాలు కూర్చారు. ఆయన శిష్యుడు ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి, తర్వాత వాటికే హెయాన్ అని పేరు మార్చారు. రెండు పేర్లూ రాసే అక్షరాలు అవే, అర్థం ప్రశాంతత. హెయాన్ షోదాన్‌లో మొదటి కదలిక గెదాన్ బరై. అది పంచ్ కాదు, కింద నుంచి వచ్చే దెబ్బని పక్కకి తోసేసే అడ్డు. మా దగ్గర పిల్లలు ముందుగా నేర్చుకునేది అదే.

అపోహ: ఆడపిల్లకి బ్లాక్ బెల్ట్ వస్తే ఇక భయం లేదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారుతుంది. బెల్టు కట్టుకున్న పదమూడేళ్ల పిల్ల, బలంగా ఉన్న మగాడు చెయ్యి పట్టుకుంటే కొట్టి గెలుస్తుందని ఏ మాస్టరైనా హామీ ఇస్తే నమ్మకండి. నేను నేర్పేది మూడే: దూరం, గొంతు, పరుగు. అనుమానం వస్తే రెండడుగులు వెనక్కి. కియాయ్ వేసినట్టే "వదులు" అని కేక. చెయ్యి దొరికితే, పట్టుకున్నవాడి బొటనవేలి వైపుకి తిప్పి లాగాలి. పట్టు వదిలే చోటు అదే. తర్వాత మనుషులున్న వైపు పరుగు. ఇది అమ్మతో కలిసి నేర్చుకోవడంలో ఎంతో లాభముంది. ఇంటి హాల్లో రోజూ రెండు నిమిషాలు అమ్మ చెయ్యి పట్టుకుంటుంది, పాప విడిపించుకుంటుంది. మర్నాడు తారుమారు.

దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి. పిల్లల్ని ఇబ్బంది పెట్టేవాళ్లలో చాలామంది తెలిసినవాళ్లే. అక్కడ కిక్ పనికిరాదు, ఇంటికొచ్చి చెప్పగలగడం పనికొస్తుంది. ప్యాడ్ పట్టుకుని కలిసి చెమటలు కక్కిన అమ్మతో పిల్ల ఆ మాట చెప్పడం కొంచెం తేలికవుతుందని నా అనుభవం. చైల్డ్‌లైన్ 1098, పోలీసు 112. ఈ రెండు నంబర్లూ మా పిల్లలకి కటా పేర్లతోపాటు నోటికి రావాలి.

పెద్దవాళ్లకి ఒక మాట. ఆత్మరక్షణ హక్కుని చట్టం ఒప్పుకుంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. కానీ అవసరానికి మించి కొట్టే హక్కు లేదు. ఎదుటివాడు పారిపోతుంటే వెంటపడి కొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు.

అపోహ: రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ వచ్చేస్తే అయిపోయినట్టే.

మొదటి బ్లాక్ బెల్టుని షోదాన్ అంటారు. 'షో' అంటే మొదలు. అక్షరాలా మొదటి మెట్టు. బ్లాక్ బెల్టులో ఉండే మెట్లని డాన్ అంటారు. అసలు ఈ డాన్ పద్ధతి కరాటేది కాదు, 1882లో జూడో మొదలుపెట్టిన కానో జిగోరోది. ఫునకోషి 1924లో కరాటేలో తొలిసారి ఇచ్చారు. కొరియా వాళ్ల తైక్వాండోలో అయితే 15 ఏళ్లలోపు పిల్లలకి డాన్ బదులు పూమ్ ఇస్తారు. ఆ బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. నాకది చాలా సబబుగా అనిపిస్తుంది.

అమ్మానాన్నలకి చిక్కొచ్చేది గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష, రోజున. కూతురు పాసై తండ్రి ఆగిపోవచ్చు. అటుది ఇటూ కావచ్చు. "ఇద్దరికీ కలిపి ఇచ్చెయ్యండి మేడమ్, పాప బాధపడుతుంది" అని అడిగినవాళ్లున్నారు. ఇవ్వను. పాపే నయం, నాలుగు రోజులు అలిగి మళ్లీ కటా మొదలుపెడుతుంది.

అపోహ: టెన్త్‌కి వచ్చారు, ఇక ఆపేద్దాం.

మన విజయవాడలో ఈ మాట తొమ్మిదో తరగతి ఎండాకాలం నుంచే మొదలవుతుంది. వారానికి నాలుగు రోజులు రాలేకపోతే ఒక్క ఆదివారం రండి. పొద్దున ఐదున్నరకి మొదలై ఏడుకల్లా అయిపోతుంది, ట్యూషన్‌కి అడ్డురాదు. హాస్టల్లో ఉన్నా మంచం పక్కన ఉన్న ఖాళీలో హెయాన్ షోదాన్ చేసుకోవచ్చు, అడుగులు చిన్నవి చేసుకుంటే సరి.

అపోహ: ఇది జపాన్ వాళ్ల విద్య, మనకెందుకు?

మన ఊళ్లలో కర్రసాము ఇప్పటికీ ఉంది. అది దగ్గర్లో నేర్పుతుంటే తండ్రీ కొడుకులు కలిసి అందులోనే చేరండి, నాకు సంతోషమే. ఏ విద్యైనా పై నియమాలే వర్తిస్తాయి.

చివరగా, రాబోయేవాళ్లకి. ఆరేళ్లు నిండిన పిల్లల్ని తీసుకురండి, అంతకంటే చిన్నవాళ్లు వరుసలో నిలవలేరు. మొదటి నెల డ్రెస్ కొనక్కర్లేదు. ఇద్దరికీ ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. గంటన్నర ముందు ఏమీ తినకండి. గాజులు, గొలుసులు, వాచీ ఇంట్లోనే వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళకే మేడ మీద చెమటలు కారిపోతాయి. ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకోండి. చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకుని రండి, ఇద్దరూ.