యాసిడ్‌కు బండా, మరకా ఒకటే

గృహప్రవేశం దగ్గర పడిందంటే, బండల మీద పడ్డ సిమెంట్ మరకలు పోవడానికి మేస్త్రీ ముందుగా చెప్పేది యాసిడ్ తెప్పించమనే. పోయగానే బుసబుసమని నురగ వస్తుంది. మురికి పోతోందని మనకు సంబరం. కింద ఉన్నది తాండూరు బండైతే ఆ నురగలో సగం బండదే.

తాండూరు, షాబాద్ బండలు, వంటింటి గట్టుకు వేసే నల్ల కడప బండ, పూజగదిలో మార్బుల్: ఇవన్నీ సున్నపురాయి జాతివే, ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. మన వైపు బోరునీళ్లు ఆరిన చోట కట్టే తెల్లటి పొర కూడా ఎక్కువగా అదే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, నీరు ఆవిరయ్యేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఏది పొర, ఏది బండ అన్న తేడా తెలియదు. రెంటినీ కరిగిస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ చేసేదీ అదే పని, కాకపోతే నెమ్మదిగా.

కరీంనగర్ గ్రానైట్ సంగతి వేరు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసిన రాయి కాబట్టి నిమ్మరసానికి చలించదు. హన్మకొండ వేయిస్తంభాల గుడిలోని నల్లరాతి స్తంభాలు చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. డోలరైట్ అనే ఆ రాయిలోనూ ఉన్నవి, ఇలా నిమ్మరసానికి చలించని సిలికేట్ ఖనిజాలే. శిల్పుల పనితనం ఎంత గొప్పదైనా, ఆ నునుపును ఇన్నేళ్లు నిలబెట్టుకునే రాయి కూడా దొరకాలి కదా!

మీ ఇంట్లో ఉన్నది ఏ రాయో తెలియకపోతే బీరువా వెనకో, మంచం కిందో ఒక చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిమిషాలాగి తడిబట్టతో తుడవండి. చూపు కాస్త ఏటవాలుగా, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. చుక్క పడ్డ మేర మెరుపు పోయి మసకగా కనిపిస్తే అది సున్నపురాయి. ఆ ఇంట్లో బండల మీదికి యాసిడ్ సీసా రాకూడదు.

టైల్స్‌కు ఈ భయం తక్కువ. పైనున్న గ్లేజ్ గాజులాంటిది, మామూలు ఆమ్లాలను తట్టుకుంటుంది. దెబ్బతినేది సందుల్లోని తెల్ల సిమెంట్. నెలనెలా యాసిడ్ పోస్తే అది అరిగి, నీరు కిందికి దిగి, కొన్నాళ్లకు టైల్ మీద తడితే డొల్ల శబ్దం వస్తుంది. కుళాయి చుట్టూ ఉండే టైల్ మీది తెల్ల పొరకు నిమ్మచెక్క రుద్ది, పది నిమిషాల తర్వాత కడిగేస్తే చాలు. ఒకవేళ యాసిడే వాడాల్సి వస్తే బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి కంటే బరువైనది కావడంతో తలుపులు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో కిందే నిలిచిపోతుంది, ఊపిరి ఆడనివ్వదు.

సున్నపురాయికి బకెట్ నీళ్లలో చెంచాడు గిన్నెల లిక్విడ్ సరిపోతుంది. అయితే ముందు ఊడ్చాలి. చెప్పులతో వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం కొలమానంలో 7, సున్నపురాయిలోని కాల్సైట్ 3. ఊడవకుండా తడిబట్ట పెట్టడమంటే బండకు గరుకు కాగితం రుద్దినట్టే. గట్టు మీది నూనె మరకకు ముల్తానీ మట్టిని ముద్దలా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా ఉంచండి. మర్నాడు కవర్ తీసి ఆరనిస్తే, ఆరే మట్టి రాతి రంధ్రాల్లోని నూనెను పైకి లాగుతుంది. పాత మరకైతే రెండు మూడు సార్లు పట్టించాల్సి వస్తుంది.

ఇప్పటికే మసకబారిన బండకు ఏ లిక్విడూ మెరుపు తేలేదు. పోయింది రాతి పైపొరే కాబట్టి డైమండ్ ప్యాడ్ల మెషిన్‌తో మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. ఇల్లంతా దుమ్ము లేవకుండా, నీళ్లు పోస్తూ పట్టేవాళ్లను చూసి మాట్లాడుకోండి.